తెలుగులో తొలి బ్లాగుకు గూగుల్ బ్లాగర్: ముందు లింకులు, తర్వాతే రంగులు

కొత్తగా బ్లాగు పెట్టేవాళ్ళు మొదట అడిగేది థీమ్ గురించే. ఏ రంగు బాగుంటుంది, పైన ఏ ఫోటో పెట్టాలి, పక్కన ఏమేం ఉండాలి అని. గూగుల్ వారి బ్లాగర్‌లో ఇవన్నీ ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, రాసినదానికి ఏమీ కాదు. ఒకసారి పెట్టాక మార్చడం కష్టమయ్యేవి, మారిస్తే పాత లింకులు తెగిపోయేవి వేరే ఉన్నాయి. వాటి గురించి బ్లాగర్ ముందుగా ఏమీ చెప్పదు. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని తయారైన సాధనం కాబట్టి ఆ చిక్కులు తెలుగులో రాసేవాళ్ళకే ఎక్కువ. అందుకే ఈ సమీక్షలో థీమ్ సంగతి మధ్యలో ఎక్కడో వస్తుంది.

బ్లాగర్‌ను పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ 1999లో మొదలుపెట్టింది, 2003లో గూగుల్ కొనుక్కుంది. ఇన్నేళ్ళైనా ఉచితమే. గూగుల్ ఖాతా ఉంటే చాలు. హోస్టింగ్, అంటే సైటును ఉంచే చోటు, కొనక్కర్లేదు, అప్‌డేట్లు చేసుకునే పని లేదు, ఒక్క ఖాతా మీద 100 బ్లాగుల దాకా పెట్టుకోవచ్చు. చంద్రగిరి కోట, గుడిమల్లం, తలకోన గురించి రాయాలనుకునే కుర్రవాళ్ళకు, తాము వేసిన బట్టల ఫోటోలు పెట్టుకోవాలనుకునే శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళకు, తిరుపతిలో చదువుకుంటూ కథలూ కవితలూ రాసేవాళ్ళకు ఇది చక్కగా సరిపోతుంది. చీరలు ఆన్‌లైన్‌లోనే అమ్మి డబ్బు కూడా అక్కడే తీసుకోవాలంటే మాత్రం సరిపోదు. కార్టు, చెల్లింపు, స్టాకు లెక్క ఇందులో లేవు. వాట్సాప్ నంబరు ఇచ్చి ఆర్డర్లు తీసుకోవడం వరకే కుదురుతుంది.

మొదలుపెట్టగానే బ్లాగర్ అడిగేవి రెండు, పేరు, చిరునామా. పేరు తెలుగులో పెట్టుకోవచ్చు, రేపు మార్చుకోవచ్చు. చిరునామా, అంటే బ్లాగ్‌స్పాట్ డాట్ కామ్ ముందు వచ్చే మాట, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే ఒప్పుకుంటుంది. తర్వాత మార్చవచ్చు కానీ పాత చిరునామాకు వచ్చినవాళ్ళను బ్లాగర్ కొత్తదానికి పంపదు. వాట్సాప్ గ్రూపుల్లో మీరు పంచిన లింకులన్నీ బ్లాగు లేదని చెప్పే పేజీకి పోతాయి. అందుకని ఫోన్లో వినిపించి చెబితే అవతలివాళ్ళు తప్పు లేకుండా టైపు చేయగలిగే మాట ఎంచుకోండి. ఒత్తులు, దీర్ఘాలు ఉన్న తెలుగు మాటను ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. రెండు ‘ఎ’ అక్షరాలు (a) పెట్టాలా, ఒకటి చాలా అన్న సందేహం రాని పేరైతే మంచిది. తిరుమల, దేవస్థానం అన్న మాటలు కలిపి అధికారిక సైటులా కనిపించే చిరునామా మాత్రం వద్దు. దర్శనం టికెట్ల కోసం వెతుక్కుంటూ వచ్చే భక్తులు మోసపోతారు, ఫిర్యాదు వస్తే బ్లాగు మూతపడే అవకాశమూ ఉంది.

చిరునామా అయ్యాక ఒక్క పోస్టు కూడా రాయకముందే సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి. భాష దగ్గర తెలుగు ఎంచుకుంటే తేదీలు, నెలల పేర్లు, వ్యాఖ్యల పెట్టె తెలుగులోకి వస్తాయి. ఆ పేజీలోనే కిందకు పోతే ఫార్మాటింగ్ అన్న భాగంలో టైమ్ జోన్ ఉంటుంది. దీన్ని చాలామంది చూడరు. కొత్త బ్లాగుకు అక్కడ తరచూ అమెరికా పసిఫిక్ సమయం ఉంటుంది, మన గడియారం కంటే పన్నెండున్నర లేదా పదమూడున్నర గంటలు వెనక. పొద్దున పోస్టు చేస్తే నిన్నటి తేదీ పడుతుంది. అంతటితో పోయేదైతే ఇంత చెప్పక్కర్లేదు. బ్లాగర్ ప్రతి పోస్టు లింకులోనూ సంవత్సరం, నెల అంకెల్లో ఉంటాయి. ఒకటో తారీఖు ఉదయం పెట్టిన పోస్టు పోయిన నెల లింకుతో స్థిరపడిపోతుంది, టైమ్ జోన్ తర్వాత సరిదిద్దినా ఆ లింకు మారదు. కోల్‌కతా పేరుతో ఉన్న ప్లస్ 05:30 ఎంచుకోండి.

అసలు చిక్కు పోస్టు లింకుది. శీర్షిక ఇంగ్లీషులో ఉంటే బ్లాగర్ అందులోని మాటలు తీసుకుని లింకు తయారుచేస్తుంది. తెలుగు శీర్షికలో దానికి పనికొచ్చే అక్షరమే కనిపించదు కాబట్టి ‘బ్లాగ్-పోస్ట్’ అని ఒక ఉత్త పేరు పెట్టేస్తుంది. తర్వాతి పోస్టుకు అదే పేరు, చివర ఒక అంకె. ఏడాది గడిచేసరికి చంద్రగిరి పోస్టు ఏదో, కాణిపాకం పోస్టు ఏదో లింకు చూసి ఎవరూ చెప్పలేరు. దీనికి మందు తేలిక. పోస్టు రాసే పేజీలో కుడివైపు పర్మాలింక్ అని ఉంటుంది, అందులో కస్టమ్ ఎంచుకుని చంద్రగిరి అడ్డగీత కోట అన్నట్టు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. ఇది ప్రచురించే ముందే చేయాలి. ప్రచురించాక ఆ పెట్టె మూసుకుపోతుంది. మరచిపోతే పోస్టును మళ్ళీ డ్రాఫ్టుకు తెచ్చి, లింకు మార్చి, తిరిగి ప్రచురించి, ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ఎర్రర్స్ అండ్ రీడైరెక్ట్స్ కింద పాత దారి, కొత్త దారి రెండూ రాసి పర్మనెంట్ అన్న మీట నొక్కాలి. రెండు దారులూ బ్లాగు పేరు లేకుండా, ఏటవాలు గీతతో మొదలవ్వాలి. పూర్తి లింకు అతికిస్తే అది పనిచేయదు.

వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో ఇదే విషయం ఇంకోలా ఇబ్బంది పెడుతుంది. అది తెలుగు లింకును ఒప్పుకుంటుంది, చూడ్డానికి సంతోషంగానే ఉంటుంది. కానీ ఒక్కో తెలుగు అక్షర సంకేతం కంప్యూటర్‌లో మూడు బైట్లు, లింకుగా మారినప్పుడు ఒక్కొక్క బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడేసి అక్షరాలు. అంటే గుణింతం గుర్తుతో సహా ప్రతి సంకేతానికీ 9 అక్షరాలు. లింకు పేరుకు వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200 అక్షరాలే కాబట్టి 22 సంకేతాలు దాటితే శీర్షిక సగంలో తెగుతుంది. వాట్సాప్‌లో అతికిస్తే నాలుగు వరుసల శాతం గుర్తులు. అక్కడా లింకును చేత్తో ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకోవాల్సిందే. వర్డ్‌ప్రెస్ ఎడిటర్ మెరుగైనదే, ఒప్పుకోవాలి. కానీ ఉచిత ఖాతాలో అదనపు సౌకర్యాలిచ్చే ప్లగిన్లు వేసుకోలేరు, సొంత డొమైన్, అంటే మీరే కొనుక్కున్న చిరునామా, పెట్టుకోలేరు, మీ పోస్టుల పక్కన వాళ్ళ ప్రకటనలు వస్తాయి. నేర్చుకునే దశలో బ్లాగర్‌కే మా ఓటు.

ఇక రాత. ఫోన్లో జీబోర్డు, కంప్యూటర్‌లో విండోస్ తెలుగు కీబోర్డు లేదా లేఖిని, ఏదైనా సరే. అన్నీ యూనికోడే, అంటే ఏ పరికరంలోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి. తిరుపతి, చిత్తూరు ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో టైపు చేయించుకున్న పాత వ్యాసాలతోనే ప్రమాదం. అవి ఎక్కువగా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉంటాయి. ఆ ఫైలు అక్కడ తెలుగులా కనిపిస్తుంది కానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. బ్లాగులో అతికిస్తే గజిబిజి వస్తుంది. ఏ థీమ్ మార్చినా అది బాగుపడదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మార్చాక ఒత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు ఉన్న ప్రతి చోటా అసలు కాగితం పక్కన పెట్టుకుని సరిచూడండి, తప్పులు పడేది అక్కడే. వర్డ్ నుంచో వాట్సాప్ నుంచో తెచ్చేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, వి మూడూ కలిపి నొక్కి అతికించండి. ఉత్త కంట్రోల్, వి అయితే వర్డ్‌లోని ఫాంటు, సైజు, రంగు ప్రతి పేరాకూ అంటుకుని వస్తాయి, తర్వాత థీమ్‌లో ఏం మార్చినా ఆ పేరాలు కదలవు. ‘సైజు పెంచినా పెరగడం లేదు’ అనేవాళ్ళలో చాలామందికి కారణం ఇదే.

థీమ్‌లకు వస్తే, కాంటెంపో, సోహో, ఎంపోరియో, నోటబుల్ అన్నవి కొత్త తరానివి, ఫోనుకూ కంప్యూటర్‌కూ ఒకే రూపంలో సర్దుకుంటాయి. సింపుల్ లాంటివి పాతవి. వాటిలో ఫోనుకు వేరే రూపం ఉంటుంది, పక్కన పెట్టిన గాడ్జెట్లలో (వెతుకు పెట్టె, లేబుళ్ళ జాబితా లాంటి ముక్కల్లో) చాలావరకు అక్కడ కనిపించవు. మన పాఠకులు ఎక్కువగా వాట్సాప్ లింకు నొక్కి ఫోన్లో వచ్చేవాళ్ళే కాబట్టి కొత్తవాటిలోనే ఎంచుకోండి. కలంకారీ బట్టల్లాంటి ఫోటోలే ప్రధానమైతే సోహో బాగుంటుంది, కానీ వెనక రంగు తెలుపే ఉంచండి. కరక్కాయ, బెల్లం, ఇనుము, దానిమ్మ తొక్క రంగుల బట్ట పక్కన రంగుల నేపథ్యం పెడితే కొనేవాళ్ళకు అసలు రంగు అంచనా దొరకదు. పొడవైన వ్యాసాలకు నోటబుల్. కాంటెంపోను అందరూ పెడతారు, అది చెడ్డది కాదు, కానీ పక్క పట్టీ ఫోన్లో మూడు గీతల వెనక దాక్కుంటుంది. అందులో ముఖ్యమైనదేదీ పెట్టకండి.

ఫాంటు విషయంలో కొత్తవాళ్ళు చాలా కష్టపడతారు. థీమ్ డిజైనర్‌లో ఫాంట్ల జాబితా పెద్దదే కానీ అవి ఇంగ్లీషు అక్షరాల కోసం. వాటిలో తెలుగు లేకపోతే బ్రౌజర్ ఆ పరికరంలో ఉన్న తెలుగు ఫాంటును తీసుకుంటుంది: ఆండ్రాయిడ్‌లో నోటో, విండోస్‌లో నిర్మల, పాత విండోస్‌లో గౌతమి, ఆపిల్ ఫోన్లలో కోహినూర్. జాబితాలో పేరు ఎన్నిసార్లు మార్చినా తెలుగు మారనిది అందుకే. మొదటి కొన్ని నెలలు ఫాంటు జోలికి పోకుండా వరుసల మధ్య దూరం, అక్షరం సైజు మాత్రం సరిచేయడం తెలివైన పని. ఇంగ్లీషు లెక్కన పెట్టిన దూరంలో తెలుగు ఒత్తులు కింది వరుస గుడి దీర్ఘాలకు తగులుతాయి. థీమ్, కస్టమైజ్, అడ్వాన్స్‌డ్, యాడ్ సీఎస్ఎస్ (రూపం నియమాలు రాసే పెట్టె) అన్న దారిలో వెళ్ళి పోస్ట్-బాడీ అన్న క్లాసుకు లైన్-హైట్ 1.8, ఫాంట్-సైజ్ 18 పిక్సెళ్ళు పెట్టండి. పేరాలను రెండు అంచులకూ సమానంగా సాగదీసే జస్టిఫై వద్దు. తెలుగు మాటలు పొడవు, బ్రౌజర్లు వాటిని వరుస చివర విరవవు, ఫోన్లో మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి. వాలు అక్షరాలూ వద్దు. తెలుగు ఫాంట్లలో వాలు రూపం విడిగా ఉండటం అరుదు, బ్రౌజర్ బలవంతంగా అక్షరాన్ని వంచుతుంది.

సొంత ఫాంటు కావాల్సిందే అంటే గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలానే ఉన్నాయి. చదివే భాగానికి నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ వాడవచ్చు. కాళహస్తి కవి పేరుతో ధూర్జటి కూడా ఉంది, అది శీర్షికలకే, వ్యాసం మొత్తానికి పెడితే కళ్ళు అలిసిపోతాయి. ఇక్కడ రెండు తప్పులు దాదాపు అందరికీ ఎదురవుతాయి. మొదటిది, గూగుల్ ఇచ్చే ‘ఇంపోర్ట్’ వరుసను యాడ్ సీఎస్ఎస్ పెట్టెలో అతికించడం. ఆ వరుస మిగతా నియమాలన్నిటికంటే ముందుండాలి, బ్లాగర్ ఆ పెట్టెలోనిదాన్ని చివరకు చేరుస్తుంది కాబట్టి బ్రౌజర్ దాన్ని పట్టించుకోదు. ఎర్రర్ కూడా రాదు, ఫాంటు మాత్రం రాదు. దాని బదులు ‘లింక్’ ట్యాగును థీమ్, ఎడిట్ హెచ్‌టీఎంఎల్‌లో హెడ్ అన్న ట్యాగు కిందనే పెట్టాలి. రెండో తప్పు అక్కడ జరుగుతుంది. బ్లాగర్ థీమ్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు, దాని నియమాలు కఠినం. లింక్ ట్యాగు చివర మూసే గుర్తుకు ముందు ఏటవాలు గీత ఉండాలి. ఫాంటు చిరునామాలో ఆంపర్‌శాండ్ గుర్తు (&) ఎక్కడున్నా దాని వెంటనే ఏ, ఎం, పీ అక్షరాలు, సెమీకోలన్ చేర్చాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా సేవ్ కాదు, ఎర్రర్ సందేశం వస్తుంది. భయపడాల్సిందేమీ లేదు, పాత థీమ్ అలాగే ఉంటుంది.

అయినా ఎడిట్ హెచ్‌టీఎంఎల్ ముట్టుకునే ముందు కస్టమైజ్ పక్కనున్న బాణం నొక్కి బ్యాకప్ తీసుకోండి, ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు దిగుతుంది. ఫైలు పేరులో తేదీ వేసుకోండి. ఇది థీమ్ బ్యాకప్ మాత్రమే, పోస్టులు ఇందులో ఉండవు. పోస్టుల బ్యాకప్ సెట్టింగ్స్‌లో మేనేజ్ బ్లాగ్ కింద వేరేగా ఉంటుంది. ఒకటి తీసుకుని రెండూ ఉన్నాయనుకోవడం చాలా చోట్ల కనిపిస్తుంది.

బయటి సైట్లలో ఉచితంగా దొరికే థీమ్‌ల పట్ల జాగ్రత్త. అన్నీ చెడ్డవని కాదు. కొన్నింటిలో అడుగున తయారుచేసినవాళ్ళ పేరు తీసేస్తే బ్లాగు మొత్తం వేరే సైటుకు మళ్ళిపోయేలా రహస్యపు స్క్రిప్టు పెడతారు. చదవడానికి వీల్లేకుండా అక్షరాలూ అంకెలూ కలగలిపిన పొడవాటి ముక్క థీమ్ చివర కనిపిస్తే దాన్ని వాడకండి. వేగం కూడా చూడండి. పైన కదిలే బొమ్మల పట్టీ ఉన్న థీమ్ తలకోన దారిలో సిగ్నల్ సరిగా లేని చోట తెరుచుకోవడానికే చాలాసేపు పడుతుంది.

ఫోటోలు. ఫోన్ కెమెరా ఫోటో మామూలుగా నాలుగైదు ఎంబీలు ఉంటుంది, అలాగే ఎక్కించకండి. వెడల్పు 1200 నుంచి 1600 పిక్సెళ్ళకు తగ్గిస్తే 200, 300 కేబీలకు వస్తుంది, కంటికి తేడా తెలియదు. పోస్టులో మొదట పెట్టిన ఫోటోనే సాధారణంగా వాట్సాప్ ప్రివ్యూలో కనిపిస్తుంది కాబట్టి మొదటిది అడ్డంగా తీసిందై ఉండాలి. తిరుమల ఆలయంలోకి సెల్‌ఫోన్లు, కెమెరాలు అనుమతించరు. అందుకని లోపలి ఫోటోల కోసం కొందరు పత్రికల సైట్ల నుంచి తీసి పెట్టుకుంటారు. హక్కుదారు ఫిర్యాదు చేస్తే గూగుల్ ఆ పోస్టును తీసేసి డ్రాఫ్టుకు పంపుతుంది, ఇలా మళ్ళీ మళ్ళీ జరిగితే బ్లాగే పోవచ్చు. చంద్రగిరిలో రాజమహల్, రాణిమహల్ బయటి నుంచి మీరే తీసుకోండి, పొద్దుటి వెలుగు చాలు.

పోస్టుకూ పేజీకీ తేడా మొదట్లోనే తెలుసుకోవాలి. తేదీతో వచ్చి వెనక్కి జరిగేది పోస్టు, ఎప్పుడూ ఒకే చోట ఉండేది పేజీ. బస్సు వేళలు, ప్రవేశ రుసుములు, మామిడి కాలంలో మీ తోట దగ్గర దొరికే రకాలు, ఇలా తరచూ మారేవి పేజీలో పెట్టి పైన ‘సవరించిన తేదీ’ వేయండి. దర్శనం టికెట్ల నియమాలు అసలు రాయకండి, దేవస్థానం అధికారిక సైటు లింకు ఇవ్వండి. మీరు రాసింది పాతబడినా వెతికినవాళ్ళకు అదే దొరుకుతుంది, నమ్మి కొండకు వచ్చేస్తారు.

పోస్టులను విషయాలవారీగా విడదీసే లేబుళ్ళకు ఊరి పేర్లే పెట్టండి, జిల్లా పేర్లు వద్దు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడటంతో అంతకుముందు ‘చిత్తూరు జిల్లా’ లేబుల్ కింద ఉన్న శ్రీకాళహస్తి, చంద్రగిరి పోస్టులన్నీ తప్పు గూటిలో పడ్డాయి. ‘కాళహస్తి’, ‘శ్రీకాళహస్తి’ అని రెండు రకాలుగా రాస్తే రెండు లేబుళ్ళవుతాయి, సగం పోస్టులు ఒకచోట, సగం ఇంకోచోట. ముందే ఒక కాగితం మీద పది, పన్నెండు లేబుళ్ళు రాసుకుని వాటిని దాటకపోవడం మంచిది.

లేఅవుట్‌లో గాడ్జెట్లు తక్కువ పెట్టండి. వెతుకు పెట్టె, లేబుళ్ళు, పేజీల జాబితా చాలు. మెయిల్‌లో పోస్టులు పంపే పాత గాడ్జెట్ 2021తోనే ఆగిపోయింది, ఇంకా దాన్ని పెట్టమని చెప్పే పాత వీడియోలు చూసి సమయం పోగొట్టుకోకండి. ట్యాబ్ మీద కనిపించే చిన్న గుర్తుకు చదరపు బొమ్మ, 100 కేబీ లోపు. వ్యాఖ్యలు మీరు చూసి ఒప్పుకున్నాకే కనిపించేలా మోడరేషన్ పెట్టండి, లేకపోతే నెలలోపే అప్పుల ప్రకటనలు చేరతాయి. సెట్టింగ్స్‌లో మెటా ట్యాగ్స్ కింద సెర్చ్ డిస్క్రిప్షన్ మీట వేస్తేనే ప్రతి పోస్టుకూ ఆ పెట్టె కనిపిస్తుంది. గూగుల్‌లో శీర్షిక కింద వచ్చే రెండు వరుసలు మీరే తెలుగులో రాసుకోవచ్చు.

బ్లాగర్ అతి పెద్ద బలహీనత, అంతా ఒకే గూగుల్ ఖాతా మీద ఆధారపడటం. ఖాతా పోతే బ్లాగు పోయినట్టే. పర్మిషన్స్‌లో ఇంట్లోవాళ్ళదో మీదో ఇంకో మెయిల్‌ను ఆహ్వానించి, వాళ్ళు ఒప్పుకున్నాక రచయిత నుంచి అడ్మిన్‌గా మార్చండి. పొరపాటున బ్లాగు తొలగిస్తే 90 రోజుల లోపు తిరిగి తెచ్చుకోవచ్చు. నెట్ సెంటర్లో పని చేస్తే ఇన్‌కాగ్నిటోలో తెరవండి, రెండంచెల ధృవీకరణ పెట్టుకోండి.

సొంత డొమైన్ మొదటి రోజే అక్కర్లేదు. తర్వాత కొని కలిపినా బ్లాగ్‌స్పాట్ పాత లింకులు వాటంతట అవే కొత్త చిరునామాకు పోతాయి, ఈ ఒక్క విషయంలో బ్లాగర్ చాలా ఉదారంగా ఉంది. కలిపేటప్పుడు ముందు మూడు డబ్ల్యూలు ఉన్న రూపమే ఇవ్వాలి. బ్లాగర్ రెండు సీనేమ్ రికార్డులు చూపిస్తుంది, అంటే ఆ పేరు ఎక్కడికి పోవాలో డొమైన్ కొన్న చోట రాయాల్సిన వివరాలు. ఒకటి జీహెచ్ఎస్ డాట్ గూగుల్ డాట్ కామ్‌కు పోయేది, అందరికీ ఒకటే. రెండోది మీ బ్లాగుకే ప్రత్యేకం, వేరేవాళ్ళ వీడియోలో చూసి రాస్తే పనిచేయదు. డబ్ల్యూలు లేకుండా టైపు చేసేవాళ్ళ కోసం నాలుగు ‘ఏ’ (A) రికార్డులు కూడా చేర్చండి: 216.239.32.21, 216.239.34.21, 216.239.36.21, 216.239.38.21. ఒక రోజు దాకా పట్టవచ్చు, ఈలోగా రికార్డులు మళ్ళీ మళ్ళీ మార్చకండి. బ్లాగు తెరుచుకున్నాక సెట్టింగ్స్‌లో భద్రమైన కనెక్షన్ కోసం ఉండే హెచ్‌టీటీపీఎస్ మీటలు రెండూ వేయండి. డొమైన్ కొనేటప్పుడు మొదటి ఏడాది ధర కాదు, రెండో ఏడాది పునరుద్ధరణ ధర చూసి ఎంచుకోండి. మొదటి ఏడాది తక్కువ చూపించి తర్వాత బాగా పెంచేవాళ్ళున్నారు, గడువు దాటిందంటే ఆ పేరు ఇంకొకరు కొనేసుకోవచ్చు.